లసుమవ్వ దొడ్డుప్పు

కోరుట్లలో లసుమవ్వ ఇంటి ముందు నుంచి ఎప్పుడు వెళ్లినా, అరుగు మీద ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ కనిపించేది. ఈ మధ్య మాత్రం తునికాకు చేతిలో ఉండగానే కునికిపాట్లు పడేది. ఎండలో కూడా చలంటూ కొంగు కప్పుకునేది. మెడ ముందు వాపు వచ్చి పూసలదండ బిగుసుకుపోతే, తీసి గూట్లో పెట్టేసింది. ఎవరేమడిగినా "షుగరున్నది గద, గిట్లనే ఉంటది" అనేది. "ముసల్దానికి బద్ధకం అచ్చింది" అని వాడకట్టులో ఎవరైనా నవ్వితే, తల వంచుకుని ఇంకో బీడీ చుట్టేది. ఒకనాడు నీళ్లు తాగుతుంటే ఆ వాపు పైకీ కిందికీ కదలడం కోడలు ప్రవళిక చూసింది. జగిత్యాలలో డాక్టరమ్మకు చూపించింది. రక్తపరీక్ష చూసిన డాక్టరమ్మ, థైరాయిడ్ సరిగా పనిచేయడం లేదని చెప్పి, ఏ ఉప్పు తింటావని అడిగింది.

"దొడ్డుప్పే. ప్యాకెట్ ఉప్పుల ఏందో కలుపుతరట, షుగరు పెరుగుతదని బంద్ పెట్టిన."

"కలిపేది అయోడిన్ అవ్వా. దానితో షుగర్ పెరగదు. అది చాలకనే గొంతు దగ్గర ఉబ్బి ఉండొచ్చు. ఉప్పు ఎక్కువ తినొద్దు, ప్యాకెట్ ఉప్పుకు మార్చు చాలు. షుగర్ గోలీలు మానకుండా, పొద్దున పరగడుపున ఈ గోలీ కూడా వేసుకో."

లసుమవ్వ గోలీల వైపు చూడలేదు. "అయితె బిడ్డా, గీ నిద్ర, గీ నీరసం... నాది బద్ధకం కాదా?"

"కాదవ్వా, జబ్బు."

తిరుగు బస్సులో లసుమవ్వ, పక్కసీటులోని ముక్కూమొహం తెలియని ఆడమనిషి మోచేతిని తట్టింది.

"నాకు థైరాయిడట," అంది, పెళ్లి కబురు చెప్పినంత సంబరంగా.