పసిబిడ్డ తూకంలో సూటు

మొన్న ఒక పరిచయస్తుడి కోసం పులివెందులలో చీనీకాయల, అంటే బత్తాయిల, మండీకి వెళ్ళాను. గుమస్తా బల్ల మీద దుమ్ము పట్టిన కంప్యూటర్ ఒకటి ఇంకా పనిచేస్తోంది. తెర మీద 'బరువు' అన్న మాట పక్కన నీలం అంచున్న గడి, దాని మూలన వేలెడంత కాటా బొమ్మ. దాన్ని తయారుచేసిన మనిషి మా బామ్మర్ది. ఇన్నేళ్ళయినా చెక్కు చెదరలేదని గుమస్తా మెచ్చుకున్నాడు. నేను టీ వద్దని లేచి వచ్చేశాను.

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో పత్రికకు వార్తలు రాసేవాణ్ణి. బామ్మర్ది రెండు వీధుల అవతల, ఒక బట్టల అంగడి మేడ మీద కూర్చుని దుకాణాలకు ప్రోగ్రాములు రాసేవాడు. రాసేవాడనడం కూడా మర్యాద కోసమే. అతను వాడే సాఫ్ట్‌వేర్‌లో తెర ఖాళీ కాగితంలా ఉంటుంది. ఎడమ పక్కన బటన్లు, గడులు, పట్టికలు వరసగా పేర్చి ఉంటాయి. కావలసినదాన్ని మౌసుతో లాగి కాగితం మీద వదిలితే ఫారం తయారు. అవి చాలవని అతను సొంతంగా కొన్ని చేసుకుని ఆ వరసలోనే చేర్చుకున్నాడు. వాటిని కస్టమ్ కంట్రోల్స్ అంటారని నాకు కనీసం నలభై సార్లు చెప్పి ఉంటాడు. కింది అంగడికి చేసిన బటన్‌కు పట్టుచీరలా జరీ అంచు పెట్టాడు. నొక్కితే అంచు మెరిసేది, బిల్లు మాత్రం తీరిగ్గా వచ్చేది. "ఒకసారి రాస్తే సాలు బావా. ఆమైన యాడ కావాలంటే ఆడ లాగి వదలడమే," అనేవాడు. లోపల ఏం రాశామో మరిచిపోవడానికి ఇంతకంటే మంచి సదుపాయం లేదని నాకు తర్వాత తెలిసింది.

ఆ బరువు గడి మీద అతనికి మరీ గర్వం. కాటా నుంచి ఒక వైరు కంప్యూటర్‌కు వస్తుంది. సరుకు పెట్టగానే అంకె గడిలో పడుతుంది. మండీలో సూటు అని ఒక ఆచారం ఉంది. రైతు పది క్వింటాళ్ళ కాయ తెస్తే, మచ్చ, కుళ్ళు అంటూ ఒక క్వింటాలు తీసేసి తొమ్మిదే రాసుకుంటారు. ఆ తీసివేతను అందరికీ కనిపించేలా, ఎక్కడికక్కడ మార్చుకునేలా గడి పైన పెట్టవచ్చు. అందుకు ఇంకో పూట కూర్చోవాలి. ఆ ఓపిక లేక మనవాడు దాన్ని గడి కడుపులోనే రాసి పారేశాడు. పది వస్తే తొమ్మిదే కనిపిస్తుంది. మండీవాళ్ళు భుజం తట్టారు.

రెండేళ్ళకు జమ్మలమడుగులో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌వాళ్ళు అతనికి పని ఇచ్చారు. అక్కడి ఫారంలో బిడ్డ బరువుకు ఒక చోటు కావాలి. లాగాడు, వదిలాడు. కాటా బొమ్మను తీసే శ్రద్ధ కూడా లేకపోయింది. అది పెట్టిన మరుసటి రోజే మా మేనకోడలు అక్కడ ప్రసవించింది. కాన్పు గదిలో పాత ముల్లు కాటా మీద తూచి, రెండు కిలోల ఏడు వందల గ్రాములని చేత్తో రాశారు. మర్నాడు వార్డులో కొత్త కంప్యూటర్ రెండు కిలోల మూడు వందల నలభై అని చూపించింది. డాక్టరమ్మ ముఖం మారింది. పుట్టిన బిడ్డ కాస్త తగ్గడం మామూలేనట, ఇంతగా తగ్గకూడదట. తల్లిపాలు చాలడం లేదని డబ్బాపాలు పట్టించింది. రేపటికి పెరగకపోతే కడపకు తీసుకుపొమ్మంది. మేనకోడలు అన్నం ముట్టలేదు. "నా పాలల్లోనే ఏందో దోషముంది మామా," అని గోడ వైపు తిరిగి పడుకుంది.

మూడో రోజు వార్డులో బిడ్డను తూచే గదిలోకి మా అక్క, అంటే ఆ బాలింత తల్లి, నర్సును తోసుకుని వెళ్ళింది. వెనకే నేను. అక్కవాళ్ళది పులివెందుల దగ్గర చీనీతోట. మండీలో కాటా పక్కన నిలబడి కన్నార్పకుండా చూడడం ఆమెకు ముప్పై ఏళ్ళ అలవాటు. ఇక్కడి కాటాకు కూడా ఎర్ర అంకెలున్నాయి, కానీ వాటిని చూడొద్దని, తెర మీద పడేదే లెక్కని బామ్మర్ది నర్సుకు చెప్పి వెళ్ళాడు. అక్క వంగి ఎర్ర అంకెలు చూసింది. రెండు కిలోల ఆరు వందలు. తెర చూసింది. నిన్నటి అంకే. వేళ్ళ మీద లెక్క వేసుకుంది.

"ఏమ్మా, ఈడ బిడ్డలకు గూడా సూటు తీస్తాండారా?" అంది.

నర్సుకు అర్థం కాలేదు. నాకు తెర మీది కాటా బొమ్మ అప్పుడు కనిపించింది.

ఫోన్ చేస్తే బామ్మర్ది గంటలో ప్రొద్దుటూరు నుంచి బస్సులో దిగాడు. "నా గడిలో తప్పేం లేదు బావా. మండీలో రెండేండ్ల నుంచి నడుస్తాంది," అన్నాడు.

"ఇది మండీనా?"

"అది లోపలుందని ఎవురికి గుర్తుంటాది?"

అక్క అతన్ని కిందికీ మీదికీ చూసింది. "నిన్ను కాటా మీద పెడ్తే, సూటు పోను ఏం మిగల్దు లేప్పా," అంది.

అతను పది నిమిషాలు కూర్చుని ఆ తీసివేతను తీసేశాడు. లేచి, డాక్టరమ్మతో "అప్‌డేట్ చేసినా మేడమ్," అన్నాడు, ఏదో ఉపకారం చేసినవాడిలా. తప్పయిందన్న మాట ఆ రోజూ రాలేదు, ఈ రోజుకూ రాలేదు.

ఆ పిల్ల ఇప్పుడు ఆరో తరగతి, మా అక్కలాగే గట్టిది. పుట్టినప్పుడు నేనెట్లుంటినని ఈమధ్య తల్లిని అడిగితే, ఆమె "రెండు కిలోల మూడు వందల నలభై," అంది. ముఖం ఆమెకు జ్ఞాపకం లేదు, ఆ రెండు రోజులూ చూసింది అంకెనే. గడిని సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. ఆ రెండు రోజులు మాత్రం ఇన్నేళ్ళయినా ఆమెకు తిరిగి రాలేదు.