అన్నయ్య పేరుకు అంటని రంగు

దెయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే నవ్వి లేచిపోయే రకం నేను. కంప్యూటర్ మనం రాసింది చేస్తుంది, రాయనిది చెయ్యదు. నా బుర్రకు తెలిసిన లోకం అంతే.

అప్పట్లో విజయవాడలో ఒక చిన్న ఆఫీసులో వెబ్‌సైట్లు చేసేవాణ్ణి. ఉయ్యూరు దగ్గర మా చర్చికి కూడా ఒకటి చేసిపెట్టాను. అందులో కుటుంబాలవారీగా సభ్యుల పేర్లు ఉంటాయి. కన్నుమూసినవాళ్ల పేరు మావాళ్లు కొట్టెయ్యరు. పక్కన చిన్న సిలువ పెట్టి, ‘ప్రభువునందు నిద్రించారు’ అని రాస్తారు.

అందుకోసం ముప్పై లైన్ల జావాస్క్రిప్ట్ ప్రోగ్రాం ముక్క ఒకటి రాశాను. పేరుకు ‘నిద్ర’ అనే సీఎస్ఎస్ క్లాస్, అంటే రంగూ రూపం చెప్పే గుర్తు, తగిలిస్తే అక్షరాలు బూడిద రంగుకు మారి, పక్కన సిలువ వస్తుంది. క్లాస్ తీసేస్తే మళ్లీ నల్లగా అవుతాయి. దాని పని అంతే.

మా అన్నయ్య చెరుకు లారీ నడిపేవాడు. ఫ్యాక్టరీకి వస్తుంటే లారీ కాలువలో పడింది. లారీని బయటికి తీశారు. అన్నయ్య దొరకలేదు. ఏడాది చూశాక పాస్టర్ గారు జ్ఞాపకార్థ కూడిక పెట్టించి, సైట్లో పేరు రంగు కూడా మార్చమన్నారు.

మారలేదు. క్లాస్ తగిలిందా అని అడిగితే తగిలిందనే చెబుతోంది స్క్రిప్టు. పేరు మాత్రం నల్లగానే ఉంది. కన్నుమూసిన మిగతావాళ్ల పేర్లన్నీ బుద్ధిగా మారాయి. వేరే కంప్యూటర్లో చూశాను, మొత్తం చెరిపి మళ్లీ రాశాను. మూడు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను.

ఉండబట్టలేక ఆ సంగతి వదినతో అన్నాను.

“మీ అన్నయ్య ఉన్నారు కాబట్టే మారట్లేదయ్యా. దాని జోలికి పోమాకు,” అంది.

ఆ రోజు వదిన కడుపునిండా అన్నం తిందని అమ్మ చెప్పింది. నేను అన్నయ్య పేరుకు ‘నిద్ర’ తగిలించే లైను స్క్రిప్టు ఫైల్లోంచి తీసేసి, పేజీలో పేరును నల్లగానే ఉంచేశాను.

ఆర్నెల్ల తర్వాత ఒక మధ్యాహ్నం, కొత్తగా పుట్టిన పాప పేరు చేర్చడానికి పేజీ తెరిచాను. అన్నయ్య పేరు బూడిద రంగులో ఉంది. పక్కన సిలువ. ఫైలంతా వెతికాను, నేను తీసేసిన లైను ఎక్కడా లేదు. పాస్‌వర్డ్ నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. క్లాస్ తీసెయ్యమని రాస్తే తీసేశానంటోంది, రంగు పోదు. ఎవరికి చెప్పుకోను? ఏమని ఏడవను?

అది ఎలా జరిగిందో ఈనాటికీ నాకు అంతుపట్టలేదు. ఆ సైటు మూతపడి కూడా చాలా ఏళ్లయింది. కంప్యూటర్ ముఖం ఎరగని మా వదిన మాత్రం ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ అడుగుతుంది.

“ఇంకా నల్లగానే ఉందా?”

“ఉంది వదినా,” అంటాను.