దోనెకూ కడుపుకూ నడుమ

ధర్మవరంలో మా ఇంట్లో ఉన్నది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి, గట్టు మీద చెక్క వేసుకుని కూర్చుంటాం. కడుపుకు ఎదురుగా అడ్డంగా ఒక లావు కర్ర ఉంటుంది. చీర నేసినకొద్దీ దానికే చుట్టుకుంటుంది. దాన్ని దోనె అంటాం. మా ఆయన ఉన్నన్నాళ్ళూ దోనె ముందు ఆయనే కూర్చునేవాడు. నేను గట్టు మీద కూర్చుని, అడ్డదారం నడిపే నాడెలోకి కండెలు చుట్టి అందించేదాన్ని. ఆయన పోయాక ఆ గుంతలోకి నేను దిగాను. అప్పుడు నాకూ దోనెకూ నడుమ జానెడు సందు ఉండేది. నాలుగేళ్ళలో ఆ సందు లేకుండా పోయింది. ఎప్పుడు పోయిందో నేను చూసుకోలేదు. చీర చూపించింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట ఇది. ఒకరోజు, నాకు నేత పని ఇచ్చే శావుకారు అంగట్లో నా చీర విప్పి వెలుగుకు పట్టాడు. మడత తిప్పి మళ్ళీ పట్టాడు.

“ఏమ్మా, ఏందిది?”

“ఏముండాదన్నా?”

“దా, ఈడ నిలబడి చూడు.”

చిలకపచ్చ పట్టు మీద మూరకొక మసక చార. నీళ్ళు పడి ఆరినట్టు, అరచెయ్యి వెడల్పున.

“చెమటమ్మా. నీ కడుపు చీరకు ఆనుకుంటాండాది” అన్నాడు.

పక్కన చీరలు తెచ్చిన నేతగాడొకడు నవ్వాడు. “మాకు జరీ బార్డరే తెలుసు వదినా. నువ్వు కడుపు బార్డరు కనిపెట్టినావే!”

శావుకారు నవ్వలేదు. “పెండ్లోళ్ళ చీర ఇది. వాళ్ళకేం చెప్పేది? ఇంగొక పడుగు ఇస్తా, మూడు చీరలది. దాంట్లోనూ మరకొస్తే నన్నడగొద్దు. వేరే ఇంటికి ఇచ్చుకుంటా.”

పడుగంటే మగ్గానికెక్కించే నిలువు దారం. అది ఇవ్వకపోతే మగ్గం ఖాళీ. నాకు వేరే పని రాదు. హిందూపురంలో నర్సు చదువుతున్న నా కూతురికి అన్నం పెట్టేది ఆ గుంతే.

ముందు దొడ్డిదారులు వెతికాను. మగ్గం మీద పాత పడుగులో మిగిలిన మూర మీద కడుపుకు అడ్డంగా తువాలు పెట్టుకున్నాను. అది రాసుకుని జరీ పొర లేచింది. కూర్చునే చెక్కను వెనక్కి జరుపుకున్నాను. చేతులందక, దారాన్ని దగ్గరకు కొట్టే దెబ్బ బిగువుగా పడలేదు, నేత పలచనైంది. ఇక తగ్గాల్సింది కడుపే.

తిండి ముందు తగ్గించాలా, ఒళ్ళు ముందు వంచాలా? కొత్త పడుగు పోగులు పాతవాటికి అతికేవాళ్ళకు మూడు రోజులు పడుతుందన్నారు. ఆలోపు అడిగొద్దామని పెనుకొండలో మా అక్క దగ్గరికి బయలుదేరాను. ధర్మవరం స్టేషన్లో బరువు చూసే మిషనెక్కి రూపాయి బిళ్ళ వేశాను. లైట్లు తిరిగి తిరిగి చీటీ పడింది. నాకు అక్షరాలు కూడబలుక్కుంటేగానీ రావు, అంకెలొస్తాయి. ఎనభై నాలుగు కిలోలు.

అక్క నా మాట పూర్తిగా వినకుండానే అంది. “తిండి జోలికి పోవద్దు మే. కండ్లు తిరిగి గుంతలో పడితే ఎవురు చూస్తారు నిన్ను? మొదట నడువు.”

“దినామూ కాళ్ళతో మగ్గం తొక్కతానే ఉండా కదక్కా.”

“తొక్కేది నీ పాదం. నీ కడుపు కూచోనే ఉండాది కదా!”

ఆ మాట నిజమే. తెల్లారగానే కోట కొండెక్కించింది. మొదటి రోజు సగం దాకా, రెండో రోజు ఇంకొంచెం. దిగేసరికి ఆకలి కరకరలాడేది. అక్క వేడి సంగటి ముద్దలు, పప్పు పెట్టేది. “నడిచినావు కదా, తిను తిను” అనేది. ఇంట్లో ఒక ముద్ద తినే నేను రెండు తిన్నాను. మూడో రోజు దిగుతుంటే మోకాలు పట్టేసింది. మగ్గం దగ్గరికి వచ్చి తొక్కుడు చెక్క మీద కాలు పెడితే ప్రాణం పోయినంత పనైంది. పడుగెక్కి ఉంది, నేను మంచమెక్కాను. అట్లా నాలుగు దినాలు పోయాయి.

కాలు ఊనగలిగాక తిండి వైపు తిరిగాను. పెళ్ళయినప్పటినుంచీ శనివారం ఒక్కపొద్దు ఉండేదాన్ని. ఒక్కపూట అన్నం, మిగతా పూటలు పలహారం. దాన్ని దినమూ పట్టాను. రెండు వారాలు అన్నం, సంగటి ఒక్కసారే. పలహారానికి వేయించిన శెనక్కాయ విత్తనాలు, బెల్లం, బొరుగులు. ఒక్కపొద్దులో అవి తప్పు కాదు కదా. గిన్నె గట్టు మీదే పెట్టుకునేదాన్ని.

మొదటి చీర అయిపోతూ ఉంది. దోనెకు చుట్టేముందు ప్రతిసారీ వంగి చూసేదాన్ని. కొంగు దగ్గర మరక లేదు. నడుమ ఒకటి కనిపించింది. చేత్తో తుడిచాను, పోదని తెలిసీ తుడిచాను. ఇంకా రెండు చీరలున్నాయి.

ఆ ఆదివారం కూతురు హిందూపురం నుంచి వచ్చింది. స్టేషన్‌కు పోయి దానిముందే మిషనెక్కాను. ఎనభై ఐదు.

“ఒక్కపూట తిని పెరుగుతారా ఎవురన్నా? మిషన్ చెడిపోయినట్లుండాది” అన్నాను.

ఇంటికి వచ్చాక కూతురు, ఒకప్పుడు కండెలు చుట్టేటప్పుడు నేను కూర్చున్న చోట గట్టు మీద కూర్చుంది. నేను నేస్తున్నాను.

“ఇది ఎన్నోసారి మా?”

“ఏది?”

“చెయ్యి గిన్నెలోకి పోయేది.”

“అది తిండి కాదు లేవే. ఊరికే.”

“ఊరికేనే గిన్నె ఖాళీ అయిందా? నెయ్యి తాగినట్లే మా ఇది. అన్నం మాని నూనెగింజలు బొక్కుతాండావు!”

నాకు కోపం వచ్చింది. “మీ నాయన ఉన్నప్పుడు ఈడ మనిషి ఉండె. నువ్వూ ఆడికి పోతివి. దినమంతా ఎవురితో మాట్లాడేది నేను?” అన్నాను. ఈ మాట రాయొద్దని, నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్న కూతురు అంటోంది. రాయమన్నాను.

అది లేచి గిన్నెను వంటింట్లో పెట్టి వచ్చింది.

“ముందు తిండే మా. ఒళ్ళు కొంచెం తేలికైతే మోకాలే నడవనిస్తాది. పస్తులొద్దు. మూడు పూటలా తిను, ముద్ద చిన్నది చేసుకో, ఆకుకూర ఎక్కువ ఏసుకో. గుంతలో కూచోని మాత్రం తినొద్దు. నోట్లోకి ఏమన్నా పోవల్లంటే లేసి వంటింట్లోకి పో.”

అది చెప్పినంత సులువు కాదు. గుంతలోంచి లేవాలంటే రెండు చేతులూ గట్టుకు ఆనించి, మోకాలిని తిట్టుకుంటూ లేవాలి. మొదటి రోజు ఏడుసార్లు లేచాను. మరుసటి రోజు నాలుగుసార్లు. ఆ తర్వాత విత్తనాల కోసం లేవడానికి బద్ధకమేసింది. ఆ బద్ధకమే నన్ను కాపాడింది. ఆకలి కంటే చెయ్యి ఊరికే ఉండటమే కష్టమైంది. రెండు వారాలకు మోకాలి వాపు దిగింది. కొండ జోలికి పోకుండా, పొద్దున్నే స్టేషన్ దాకా సాపు రోడ్డు మీద నడిచి వచ్చేదాన్ని.

రెండో చీర సగానికి వచ్చేసరికి కడుపుకూ దోనెకూ నడుమ ఒక వేలు దూరింది. వేలు పెట్టి చూసుకోవడం పిచ్చిగా పట్టుకుంది. అన్నం తిన్నాక దూరేది కాదు, అప్పుడు ఊపిరి బిగబట్టి నేసేదాన్ని. మూడో చీర కోసేనాటికి ఎప్పుడు చూసినా రెండు వేళ్ళు పట్టేవి. మిషన్ ఎనభై ఒకటి చూపించింది.

మూడూ మూట కట్టుకుని పోయాను. శావుకారు మొదటిదే తీశాడు. వెలుగుకు పట్టి, మరక మీద వేలు పెట్టాడు. పక్కన పడేశాడు. రెండోది విప్పాడు. మూర మూరకూ ఆపి చూశాడు. మూడోది రెండుసార్లు చూశాడు. అప్పుడు తల ఎత్తి నన్ను చూశాడు.

“ఈ రెండూ ఎవురు నేసినారమ్మా?”

“నేనేన్నా.”

“మొదటిది నువ్వే ఎత్తుకపో. అది అమ్మేది కాదు.” లోపలికి తిరిగి కేక వేశాడు. “ఈయమ్మకు పడుగు తీయప్పా!”

ఆ మరక చీర నా కూతురు ఇప్పటికీ కడుతుంది. మరకను కుచ్చిళ్ళలోకి మడిచేస్తుంది.

కొత్త పడుగు ఎక్కిన రోజు గుంతలో కూర్చుని ముందు రెండు వేళ్ళు పెట్టి చూసుకున్నాను. పట్టాయి. నేత మొదలుపెట్టేముందు చెయ్యి దానంతటదే గట్టు మీదికి పోయింది. గిన్నె పెట్టే చోట ఏమీ లేదు. కాసేపు ఆ ఉత్త గట్టు మీదే చెయ్యి పెట్టుకుని కూర్చుని, తర్వాత నాడె అందుకున్నాను.