మూడో చుక్క

శుక్రవారం పొద్దున్న ఆరూ యాభైకి భీమవరం టౌన్ స్టేషన్లో ప్యాసింజరు ఎక్కాను. ఒళ్ళో పొడుగాటి నల్ల సంచి. అందులో మా బావగారు పూల్ బల్ల మీద బంతులు కొట్టే క్యూ కర్ర ఉంది.

బావగారంటే మా అక్క భర్త. ఇద్దరూ అన్నవరం వ్రతానికి వెళ్తూ ఇల్లు నాకు అప్పగించారు. కర్రని అప్పగించలేదు, అది నేనే క్లబ్బుకి పట్టుకెళ్ళాను. తిరిగొస్తుంటే వానలో తడిసింది. తుడుస్తుంటే కొసనున్న తోలు టిప్పు ఊడి చేతిలోకొచ్చింది. అతికించుకోవచ్చులే అనుకుని, ముందు చెక్క ఉబ్బకుండా చూడాలని, బీరువా మీద దొరికిన సగం వాడిన స్ప్రే డబ్బా తీసి కర్రంతా కొట్టాను. నీళ్ళు అంటకుండా చేసే మందు అది. నీళ్ళు చల్లి చూస్తే చుక్కలు జారిపోయాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ తర్వాత టిప్పు అతకదే! జిగుర్లు మూడు మార్చినా రెండు దెబ్బలకి ఊడిపోతోంది. శనివారం సాయంత్రం క్లబ్బులో బావగారికి ఫైనల్.

తణుకులో ఎక్కిన పెద్దాయన సంచి వంక చాలాసేపు చూశారు.

"అందులో ఏంటండీ?"

"ఆడుకునే కర్రండి."

"కర్రకి జిప్పు కూడానా," అని ఆయన నిద్రకి ఉపక్రమించారు. నాకు మాత్రం గోదావరి వంతెన మీద ఎర్రనీళ్ళు చూస్తున్నా బావగారి మొహమే కనిపించింది.

తొమ్మిదిన్నరకి రాజమండ్రిలో దిగి, ఇడ్లీ మీద మనసు పోక టీతో సరిపెట్టి, షేర్ ఆటోలో వర్క్‌షాపు చేరాను. ఒకప్పుడు మంచం కోళ్ళు తిప్పిన లేత్ మీదే సూర్యనారాయణగారు ఇప్పుడు క్యూ కర్రలు చేస్తున్నారు. బావగారి కర్ర చేసింది ఆయనే. వెళ్ళేవాళ్ళు ముందు ఫోన్ చేసుకోవడం మంచిది, పన్నెండున్నరకల్లా భోజనానికి తలుపేసేస్తారు.

జరిగింది చెప్పాను. ఆయన కర్ర నిలబెట్టి, ఇత్తడి పొన్ను మధ్య కనిపించే చెక్క కొస మీద వేలితో ఒక నీటి చుక్క పెట్టారు. చుక్క గుండ్రంగా నిలబడింది.

"చూశారా? నీళ్ళనే రానివ్వని చెక్క జిగురుని రానిస్తుందా అండి? పక్కల తక్కువే తాగుతుంది గానీ, కొస మాత్రం మందుని లోపలికి లాగేస్తుంది."

"మీరు కొట్టరా ఇది?"

"కొడతానండి. టిప్పు అతికి ఆరాక, కొసకి టేపు చుట్టి, పెరట్లో కొడతాను. ఆ డబ్బాని ఈ గదిలోకి రానివ్వను. తుంపర పడితే ఇక్కడ ఒక్క అతుకూ నిలవదు."

కర్రని లేత్‌కి బిగించి కొసని ఉల్లిపొరంత చెక్కారు. మళ్ళీ చుక్క పెట్టారు. నిలబడింది. ఇంకో పొర తీశారు. నిలబడింది. ఇలా ఎంత పోతుందో, పొట్టి కర్రతో బావగారికి ఏం చెప్పాలో తెలియక, రాలిన పొట్టు వంకే చూస్తూ నిలబడ్డాను. మూడో పొర తీసి చుక్క పెడితే, ఒక్క క్షణం ఆగి, మెల్లగా చదునై, చెక్క నల్లబడి ఇంకిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"పోయిన వానాకాలం కూడా ఇది ఇక్కడికి వచ్చిందండి," అన్నారాయన టిప్పు అతికిస్తూ.

"ఎందుకండీ?"

"కర్ర గలాయన్ని అడగండి."

జిగురు ఆరేలోగా పక్క వీధి మెస్సులో పనసపొట్టు కూరతో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. మూడున్నరకి కర్ర తీసుకుని, నాలుగూ పదికి రైలెక్కి సీటు వెతుక్కుంటుంటే, కిటికీ పక్కన బావగారు, అక్క! శనివారం పొద్దున్న వస్తామన్నవాళ్ళు ఒక రోజు ముందే బయల్దేరారట.

"నువ్వేంట్రా ఇక్కడ?" అంది అక్క.

దాచుదామంటే సంచి నా భుజాల దాకా ఉంది. టిప్పు ఊడిందనీ, స్ప్రే కొట్టాననీ, బాగు చేయించాననీ అంతా చెప్పేశాను. బావగారు జిప్పు తీసి, టిప్పు మీద బొటనవేలు గట్టిగా నొక్కి చూశారు. అది కదల్లేదు. ఈలోగా అక్క ప్రసాదం పొట్లం కోసం బ్యాగులో తల దూర్చింది.

బావగారు నా వైపు వంగారు.

"ఎన్ని పొరలు తీశాడు?"

"మూడండి."

"పోయినేడు నాకు రెండింటికే ఇంకింది," అన్నారు, అక్కకి వినిపించకుండా.

"ఏంటండీ ఇంకేది?" అంది అక్క తలెత్తి.

"ఏం లేదు, వాడికి ప్రసాదం పెట్టు," అన్నారు బావగారు. నాకు దోసిలి నిండా పెట్టించి, తన వాటా కూడా నాకే ఇచ్చారు.