ఎత్తు కర్ర దగ్గర పదకొండు మంది

చోడవరం మైదానంలో మా ట్రక్కు ఆగేసరికి సాయంత్రం నాలుగూ పది. సన్నని తుంపర. నేల జారుతోంది. దింపుకున్న సామాను: రెండు టెంట్లు, నాలుగు బల్లలు, సున్నం బస్తాలు, వాకీటాకీలు, ఎత్తు కొలిచే కర్ర. ఆ కర్ర నా వంతు. సరిహద్దు డ్యూటీల గురించి అందరూ అడుగుతారు. నేను నిజంగా భయపడింది మాత్రం మా సొంతూరు వడ్డాదికి అరగంట దూరంలో చేసిన ఈ పది రోజుల డ్యూటీలోనే.

ఆర్డరు స్పష్టం. మా రెజిమెంటులో ఏజెన్సీ గిరిజనులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఈసారి జవాన్ల భర్తీకి వాళ్లని రప్పించాలి. ఇక్కడి మాట తెలిసినవాణ్ణని నన్ను పంపారు. వారం రోజులు మాడుగుల దాటి కొండల్లో సంతలన్నీ తిరిగాను. "మీకు ఎత్తులో నాలుగు సెంటీమీటర్లు తగ్గింపుంది. కులం కాయితం తెచ్చుకోండి సాలు, నేనుంటాను" అని మాటిచ్చాను. నమ్మారు.

భర్తీ రోజు ఉదయం ఐదున్నరకి గేటు తెరిచాం. ఎనిమిదికి మూసేస్తే ఇక దేవుడొచ్చినా లోపలికి రాడు. మొదట నా కర్ర. తల అడ్డపట్టీకి తగిలితే లోపలికి, లేకపోతే బయటికి. పత్రాలు చూసేది నాలుగో బల్ల దగ్గర. ఏళ్ల తరబడి అదే వరస. పట్టీ బిగించింది మామూలు ఎత్తుకి. తగ్గింపు ఉన్నవాడు ఆ పత్రం చూపించాలంటే ముందు నన్ను దాటాలి. నా మట్టిబుర్రకి అది తట్టనే లేదు. "నెక్స్ట్, నెక్స్ట్" అంటూ పదకొండు మంది కొండవాళ్లని బయటికి పంపాను. సర్కారువాళ్లు పొమ్మంటే పోవడమే వాళ్లకి అలవాటు. ఒక్కడూ నోరెత్తలేదు.

పన్నెండోవాడు సోమన్న. కదల్లేదు.

"సారూ, సంతకొచ్చి రమ్మన్నది నువ్వే కదా? కాయితం తెచ్చేను. సూడకుండానే పొమ్మంటావేటి? నాకిదే ఆఖరేడు. వయసైపోద్ది."

ప్లాస్టిక్ కవరులోంచి పత్రం తీసి నా ముఖానికి ఎదురుగా పట్టాడు. అప్పుడు తట్టింది. వాకీటాకీ అందుకున్నాను.

"గేటు నుంచి నాలుగో బల్లకి. ఏజెన్సీవాళ్ల పత్రాలు ఇక్కడే చూడాలి. ఓవర్."

"కర్ర దాటినవాళ్లవే చూస్తాం. ఓవర్," అన్నాడు క్లర్కు.

పక్కనుంచి సుబేదారు అరిచాడు. "లైను ఆపకు! పంపెయ్ బయటికి!"

ఏడూ పది. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఆర్డరు కాదన్నవాణ్ణి కాదు. రోట్లో తలపెట్టాక రోకటిపోటుకి వెరవడమేమిటని కర్రకి అడ్డంగా నిలబడ్డాను. "మేజర్ సాబు వచ్చేదాకా ఎవర్నీ కొలవను" అన్నాను. వెనక లైనులో కేకలు, తోపులాట. పన్నెండు నిమిషాలు.

మేజర్ వచ్చి పత్రం చదివాడు. కర్ర వైపు చూశాడు. "ఆ బల్ల తెచ్చి కర్రకి ముందు వెయ్యండి" అన్నాడు. తర్వాత నన్ను అడిగాడు, "ఇందాక పంపేసినవాళ్లేరి?"

మాడుగుల బస్సెక్కేశారట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. గేటు ఎదుట టీకొట్టు ఆసామి తన బైకు తాళం విసిరాడు. "వేగిరం ఎల్లు బాబూ!"

మూడు కిలోమీటర్ల అవతల బస్సుకి బైకు అడ్డం పెట్టాను. ఏడూ ముప్ఫై ఏడు.

"తప్పు నాది. దిగండి. ఎనిమిదికి గేటు మూసేస్తారు."

వాళ్లలో ఒకడు మెల్లిగా అడిగాడు, "మళ్లీ పొమ్మనవు కదా?"

"అనను. ఒట్టు."

దిగారు. బైకొకటి, మనుషులు పదకొండు మంది. "పరిగెత్తండి!" అన్నాను. నేను ముందు, వాళ్లు వెనక. ఏడూ యాభై నాలుగుకి గేటు దాటారు. పత్రాలు చూశారు, ఎత్తు అందరికీ సరిపోయింది. ఎనిమిదీ పదికి అసలు పరుగు, పదహారు వందల మీటర్లు. అప్పటికే మూడు కిలోమీటర్లు ఉరికిన కాళ్లవి. మర్నాటికి మార్చమని బతిమాలాను. రూల్లో లేదన్నారు. సోమన్న నెగ్గాడు. బస్సు దిగి వచ్చిన ఆ పదకొండు మందిలో మాత్రం నెగ్గింది ఒక్కడే.

రెజిమెంటుకి తిరిగి వెళ్లిపోయాను. తర్వాతి భర్తీల్లో ఆ బల్ల ముందే ఉంటోందని సోమన్న ఉత్తరం రాశాడు. సంతోషమే. ఇప్పుడు రిటైరై చోడవరంలోనే ఉంటున్నాను.

ఇన్నేళ్లయినా ఆ రోజు బైకు అద్దంలో చూసినది నన్ను వదల్లేదు. తడి రోడ్డు. పదకొండు మంది. అందరికన్నా వెనక ఒకడు, చెప్పులు రెండు చేతుల్లో పట్టుకుని, నా వైపు చూసి నవ్వుతూ పరిగెత్తుతున్నాడు. తర్వాత అసలు పరుగులో నాలుగంటే నాలుగు సెకన్ల తేడాతో ఓడిపోయినవాడు అతనే.