కొమ్ము పిడి పిస్తోలు

సలాలాలో నేను దిగిన రోజు జల్లు పడుతోంది. జూలై నెల. ఒమన్ అంటే ఇసుక, ఎండ, ఒంటెలు అని మా కడపలో అందరూ చెప్పి పంపారు. తలకు చుట్టుకోవడానికి రెండు తువ్వాళ్ళు కూడా పెట్టుకున్నాను. ఇక్కడ చూస్తే కొండలు పచ్చగా ఉన్నాయి, సగం దాకా పొగమంచు. రోడ్డు పక్కన కొబ్బరి చెట్లు, అరటి తోటలు. పైలట్ దారి తప్పి కోనసీమలో దించాడేమో అనుకున్నాను.

నేను మన సైన్యంలో ఆర్మరర్‌గా పనిచేసి హవల్దార్‌గా రిటైరైనవాణ్ణి. ఆర్మరర్ అంటే తుపాకులు బాగుచేసేవాడు. ఈ మాట చెప్పగానే ఊళ్ళో జనం "అయితే నువ్వు కాల్చలేదా?" అని మొహం వేలాడేస్తారు. కాల్చానయ్యా బాబూ! బాగుచేసినదాన్ని కాల్చి చూడకుండా ఎవడి చేతికైనా ఎలా ఇస్తాను? పెన్షన్ తీసుకుని ఇంట్లో కూర్చోలేక ఒక కాంట్రాక్టు కంపెనీ ద్వారా ఇక్కడికి వచ్చాను. పని మాత్రం ఒమన్ సైన్యం స్టోరులో. అందరూ దాన్ని గల్ఫ్ ఉద్యోగం అన్నారు. నేను నా చివరి పోస్టింగ్ అనుకున్నాను.

వర్క్‌షాప్ కొండ కింద ఉంది. రేకుల షెడ్డు, ముందు కంకర పరిచిన జాగా, చుట్టూ ముళ్ళకంచె. పొద్దున ఆరుకు డ్యూటీ ఎక్కితే మధ్యాహ్నం రెండుకు దిగడం. జల్లుల కాలంలో ఏ ఇనుము మీద చెయ్యి వేసినా తడి తగిలేది. అందుకని నూనెగుడ్డ భుజాన ఉండాల్సిందే.

మొదటి రోజే కెప్టెన్ పిలిచి ఆర్డరు చెప్పాడు. ఆయన ఒమానీ, వయసు ముప్పై దాటి ఉంటుంది, హిందీ బాగా మాట్లాడతాడు. సైన్యం వాడకం నుంచి తీసేసిన పాత పిస్తోళ్ళు పెట్టెల్లో ఉన్నాయి. ఒక్కొక్కటి తీసి, తుడిచి, పరీక్షించాలి. వాటి బ్యారెల్‌లో ఉక్కు పిన్ను కొట్టి, వెల్డింగ్ చేసి, పేలకుండా చేస్తే పాత ఆయుధాలు సేకరించే మామూలు జనానికి లైసెన్సు మీద అమ్మవచ్చా అని పైవాళ్ళు ఆలోచిస్తున్నారు. వద్దనుకుంటే అన్నీ కోసి కొలిమికి పంపుతారు.

"ఆ సంగతి తేలేదాకా ఒక్కటీ కోయొద్దు," అన్నాడు.

కోసే పని మల్లేశ్‌ది. కరీంనగర్ వాడు, గ్యాస్ కట్టర్, నా రూమ్మేట్. పని లేక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. "మస్తానన్నా, ఉత్తగ కూసోబెట్టి జీతమిస్తున్నరు. ఊర్ల ఎవ్వలికి చెప్పకు, అందరు ఎగవడి వస్తరు," అనేవాడు.

వారానికి రెండుసార్లు గేటు దగ్గరి వైర్‌లెస్ గరగరలాడేది. "గేట్ సే వర్క్‌షాప్. పానీ గాడీ ఆగయీ." ఆ నీళ్ళ ట్యాంకర్ సలీం చాచాది. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి, సన్నటి గడ్డం, తలకు రంగుల గుడ్డ. గొట్టం తగిలించి, నీళ్ళు నిండేదాకా వర్క్‌షాప్ గుమ్మం దగ్గర నిలబడేవాడు. గుమ్మం ముందు పసుపు గీత ఉంది. తలుపు బార్లా తెరిచి ఉన్నా ఆయన కాలు గీత దాటేది కాదు. ఈయన సైన్యంలో చేసినవాడే అని నాకు అప్పుడే అర్థమైంది.

ఒకరోజు ఆయనే అడిగాడు. హిందీలోనే మాట్లాడుకునేవాళ్ళం. పాత రోజుల్లో తన పల్టన్‌లో నేర్చుకున్నాడట.

"మస్తాన్, పిడికి ఒక పక్క కొమ్ము బిళ్ళ ఉన్న పిస్తోలు కనపడిందా?"

"పిస్తోలుకు కొమ్మేంది చాచా?"

అప్పుడు చెప్పాడు. ఆ పిస్తోలు వాళ్ళ అన్నది. అన్న చిన్న ఆఫీసరు, ఈయన అదే పల్టన్‌లో కుర్ర జవాను. వెనకటి రోజుల్లో ఈ కొండల మీద యుద్ధం జరిగింది. ఒకసారి రాళ్ళ మీద పడి పిస్తోలు పిడి ఒక పక్క పగిలింది. కొండ మీద స్పేర్ ఎక్కడ దొరుకుతుంది? అన్న సెలవులో బజారుకు దిగి, ఖంజర్లు చేసే ముసలాయన చేత కొమ్ము బిళ్ళ కోయించి, మూడు వెండి మేకులతో బిగించుకుని వచ్చాడు. ఖంజర్ అంటే ఇక్కడి మగవాళ్ళు పండగకు, పెళ్ళికి నడుముకు కట్టుకునే కొమ్ము పిడి వంపు కత్తి. "ఇది పిస్తోలా, పెళ్ళికొడుకు కత్తా?" అని పై ఆఫీసరు తిట్టాడట. చెప్తూ చాచా నవ్వాడు. తర్వాత కొద్దిరోజులకే అన్నకు తూటా తగిలి ప్రాణం పోయింది. పిస్తోలును కొండ దించి స్టోరులో అప్పగించింది సలీం చాచాయే.

"అమ్మితే నేను కొనుక్కుంటాను. లైసెన్సుకు అర్జీ పెట్టాను. ఇంట్లో గోడ మీద అన్న ఖంజర్ ఉంది. దాని పక్కన మేకు కూడా కొట్టి ఉంచాను," అన్నాడు.

ఆ రోజు నుంచి ప్రతి పెట్టె తెరిచేటప్పుడు ముందు దానికోసమే చూశాను. కొండల మీద గడ్డి ఎండి పసుపు తిరిగిన కాలంలో దొరికింది. ఒక పక్క మామూలు నల్ల బిళ్ళ. రెండో పక్క తేనెరంగు కొమ్ము, మూడు వెండి మేకులు. కెప్టెన్‌కు చెప్పి, చాచా వచ్చినప్పుడు గీతకు ఇవతల నిలబడి ఎత్తి చూపించాను. "అదే, అదే," అన్నాడు. అది ఆయన ఇల్లు చేరాల్సిందే అని నేను మనసులో గట్టిగా అనుకున్నాను.

ఆ చలికాలంలోనే కెప్టెన్ నన్ను ఆఫీసుకు పిలిచాడు.

"మస్తాన్, సచ్ బోలో. నువ్వు పిన్ను కొట్టి మూసేసిన పిస్తోలును ఎవడైనా మళ్ళీ పేల్చగలడా?"

"పని రానివాడు పేల్చలేడు సాబ్."

"పని వచ్చినవాడు? నీలాంటివాడు?"

చాచా గోడ మీది మేకు నా కళ్ళ ముందు ఆడింది. కానీ జీవితమంతా ఆయుధం గురించి ఒక్క అబద్ధం చెప్పి ఎరగను. చెప్తే మనుషులు చస్తారు.

"నేనైతే బ్యారెల్ మార్చి పేలుస్తాను సాబ్."

ఆయన తలూపి ఆ మాట పైకి రాశాడు.

మళ్ళీ జల్లులు మొదలయ్యాక ఆర్డరు వచ్చింది. అమ్మకం లేదు. అన్నీ కోసేయాలి. నేను పరుగున కెప్టెన్ దగ్గరికి వెళ్ళాను.

"సాబ్, ఆ ఒక్కటీ వదిలేయండి. అది సలీం చాచా వాళ్ళ అన్నది."

"ఈ స్టోరులో ప్రతి పిస్తోలూ ఎవడో ఒకడి అన్నదే, మస్తాన్," అన్నాడు. ఆర్డరు కాగితం మడుస్తూ, "ముసలాయన్ని రమ్మను. కోసేటప్పుడు దగ్గర ఉండనీ," అన్నాడు.

చాచాకు నేనే చెప్పాను. "కెప్టెన్ అడిగితే మళ్ళీ పేల్చవచ్చని చెప్పింది నేనే చాచా," అని అదీ చెప్పేశాను. ఆయన ట్యాంకర్ మెట్టు మీద కూలబడ్డాడు.

"మా అన్నను కొట్టిన తుపాకీ కూడా ఎక్కడో ఒక స్టోరులోంచి చేతులు మారి ఆ కొండ ఎక్కిందే కదా. నువ్వు చెప్పింది నిజమేలే," అన్నాడు. తలగుడ్డ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నాకు దుఃఖం ఆగలేదు. షెడ్డులోకి వెళ్ళిపోయాను.

కోసే రోజు చాచా ఉతికిన తెల్లటి బట్టల్లో వచ్చాడు. నడుముకు అన్న ఖంజర్. కెప్టెన్ సెల్యూట్ చేసి, గీత లోపలికి పిలిచి, పిస్తోలు ఆయన చేతిలో పెట్టాడు. చాచా పిస్తోలు మూతిని నేల వైపు దించాడు. తూటాలు పెట్టే మ్యాగజీన్ ఊడదీశాడు. పైభాగంలోని స్లైడ్ వెనక్కి లాగి లోపల తూటా లేదని కెప్టెన్‌కు చూపించాడు. చూపుడు వేలు ట్రిగ్గర్‌కు తగలకుండా పక్కన చాచి ఉంచాడు. అది ఏ సైన్యంలోనైనా మొదటి రోజు నేర్పే పాఠం.

"ఖాలీ హై, సాబ్."

కెప్టెన్ వంగి శ్రద్ధగా చూశాడు. "ఖాలీ," అన్నాడు. ఆయుధం స్టోరుకు అప్పగించే పద్ధతి అది. చాచా అదే పిస్తోలును రెండోసారి అప్పగించాడు.

కోసే ముందు పిడి బిళ్ళలు ఊడదీయడం మా పని పద్ధతి. మంటకు అవి కాలి కంపు కొడతాయి. ఊడదీసినవి తలుపు పక్క చెత్తడబ్బాలో వేస్తాం. నేను చిన్న పటకారుతో ఆ మూడు వెండి మేకులూ మెల్లగా లాగాను. కొమ్ము బిళ్ళ చేతిలోకి వచ్చింది. కెప్టెన్ వైపు చూశాను.

"ఆర్డరులో ఇనుము గురించే ఉంది," అని ఆయన కొండల వైపు తిరిగాడు.

బిళ్ళ చాచా చేతిలో పెట్టాను. మల్లేశ్ కళ్ళద్దాలు దించుకుంటూ నా దగ్గరికొచ్చి, "అన్నా, పెద్దాయనను బయటికి తోలుకపో. గిది చూస్తే పాణం తట్టుకోదు," అన్నాడు. చాచా కదల్లేదు. ముక్కలు కింద పడేదాకా చూశాడు. "ఖలాస్," అని బయలుదేరాడు.

కాంట్రాక్టు అయిపోయి కడపకు వచ్చేశాను. టీ అంగడి దగ్గర ఇప్పటికీ ఎవరో ఒకరు, "మస్తానన్నా, అన్ని పిస్తోళ్ళలో ఒక్కటన్నా తెచ్చుకోకపోతివే!" అని ఎగతాళి చేస్తారు. ఊరుకోండబ్బా అని టీ తాగేస్తాను. వాళ్ళకు ఏం చెప్పను?

ఆ రోజు షెడ్డు తలుపు దగ్గర నిలబడి నేను చూస్తున్నాను. జల్లులో సలీం చాచా కంకర మీద నడిచిపోతున్నాడు. కుడి చేతిలో కొమ్ము బిళ్ళ. మిగతా వేళ్ళు దాన్ని బిగించి పట్టుకున్నాయి. చూపుడు వేలు మాత్రం ముడవలేదు. ట్రిగ్గర్ లేదు, పిస్తోలే లేదు, అయినా ఆ వేలు పక్కకు చాచి, నేల వైపు నిటారుగా ఉంది. ట్యాంకర్ తలుపు ఆయన ఎడమ చేత్తో తీశాడు.