గిటారాయన పసుపు

నా చేతుల మీదుగా ఈ లోకానికి జరిగిన నష్టాల్లో అన్నిటికంటే పెద్దది ఒక కడాయెడు పసుపు. దాన్ని పాడుచేసింది నేనే. తోడుదొంగ నవీద్. మా ఇద్దరినీ ఎగదోసింది మాత్రం యాభై ఏళ్ల కిందట ఇంగ్లండులో పాటలు కట్టిన ఒక రాక్ బ్యాండు. దాని పేరు చెప్పను. చెబితే మీలో సగం మంది ఈ సంగతి పక్కన పెట్టి, ఆ నలుగురిలో గొప్ప పాటల రచయిత ఎవరని కొట్టుకుంటారు. మీ పొయ్యి మీద ఏం ఉడుకుతోందో నాకేం తెలుసు?

మాది మాక్లూర్ పక్క పల్లె. చుట్టుపక్కల అందరూ ఆవిరి బాయిలర్లకు మారినా, మా బాపు మాత్రం పసుపు కొమ్ముల్ని పెద్ద ఇనుప కడాయిలోనే ఉడికిస్తాడు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో కొనేవాళ్లు మా కొమ్మును విరిచి, లోపలి రంగు చూసి, "రాజన్న పసుపా?" అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న కోసం ఆయన ఏడాదంతా కష్టపడతాడు. నేనేమో డిగ్రీ చదివి, టౌన్‌లో సెల్‌ఫోన్ల షాపులో రెండేళ్లు కూర్చుని, అది మూతపడ్డాక "వ్యవసాయం చేస్తా" అని ఇంటికొచ్చిన ఘనుణ్ని. నా చేతికి పార ఇవ్వాలన్నా బాపు రెండుసార్లు ఆలోచించేవాడు. అందుకే నెలరోజులు వెంటపడ్డాను.

"ఒక్క కడాయి నాకు ఇడిసిపెట్టు బాపు. మొత్తం నేనే సూసుకుంట."

"నువ్వు పాటలు పెట్టుకొని కూసుంటవురా."

"పాట పాటనే, పని పనే."

ఆహా, ఏం మాట! ఇప్పటికీ ఇంటికి చుట్టాలొస్తే మా అమ్మ ఆ మాటను నా గొంతుతో అని చూపిస్తుంది.

ఆ రోజు పొద్దున బాపు కడాయికి కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఒక సన్నని వెదురు పుల్ల నా చేతికిచ్చాడు. "మంట ఒక్క తీరుగ ఉండాలె. నురుగొచ్చి వాసన గుప్పుమన్నంక గీ పుల్లతోటి గుచ్చు. మెత్తగ దిగిందా, ఎంటనే తీసెయ్యి. ఎక్కువ ఉడికితే రంగు పోతది. నేను మోటరు కాడికి పోయొస్త" అని చెప్పి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపుల్లో నా మీద నమ్మకం ఉందనుకున్నాను.

సరిగ్గా అప్పుడే బోధన్ నుంచి బండి మీద దిగాడు నవీద్. కాలేజీ దోస్తు. చెరుకు పనులు అయిపోయి ఖాళీగా ఉన్నాడు, చంకలో స్పీకర్ ఉంది. ఇంకేం కావాలి? పాట మొదలైంది.

"పాడెటాయన ఎంత గొప్పగ రాసిండురా!" అన్నాను నేను, కళ్లు మూసుకుని.

"అరే యార్, గీ పాట రాసింది గిటారాయన."

"ట్యూనే గిటారాయనది. మాటలన్నీ పాడెటాయనవే."

"మాటలు ఎవడన్న రాస్తడు. ట్యూను లేకుంటే మీ పాడెటాయన గోడకు సెప్పుకోవాలె!"

ఇక్కడ మీకో రహస్యం చెప్పాలి. ఆ పాటల్లో సగం మాటలు మా ఇద్దరికీ అర్థం కావు. అర్థం కాని పాటను ఎవరు రాశారని తన్నుకోవడానికి ఎంత చదువు కావాలో మీరే ఆలోచించండి.

నాకు కోపం వచ్చింది. కోపంలో ఒక మొద్దును పొయ్యిలోకి తోశాను. "రెండో ఆల్బం మొత్తం ఎవరు రాసిండ్రు?" అన్నాను. నవీద్ ఇంకో మొద్దు తోశాడు. "మూడోది ఎవరు రాసిండ్రో నువ్వు సెప్పు!" ఇక అక్కడి నుంచి పాయింటుకొక మొద్దు. మా వాదన ఎంత బలంగా ఉందంటే, మంట కడాయి అంచు దాటి పైకి లేచింది.

పక్కన మట్టి దులుపుతూ కొమ్ములు ఏరుతున్న లక్ష్మక్క తలెత్తింది.

"ఏంది తమ్మి, భూమి కాడ పాలోళ్ల పంచాదా?"

"కాదక్కా. ఒక బ్యాండుల ఎవరు మంచిగ రాసిండ్రని."

"గాళ్లు మన మండలమోళ్లేనా?"

"ఇంగ్లండోళ్లక్కా. యాభై ఏండ్ల కిందనే ఇడిపోయిండ్రు."

"అయ్యో, ఎందుకు?"

"ఎవరు గొప్ప అని."

"మల్ల గాళ్లే కొట్లాడుకున్నంక మీరెందుకురా? గా కడాయి దిక్కు సూడు, నురుగు మీదికొచ్చె!"

"సూస్తున్నక్కా" అన్నాను, చూడకుండా.

మరి గుచ్చి చూసే పుల్ల ఏమైందంటారా? అది నవీద్ చేతిలో ఉంది. "డ్రమ్ములాయనను గూడ లెక్కల పెట్టాలె" అంటూ దానితో ఖాళీ నూనె డబ్బా మీద వాయిస్తున్నాడు. మంచి ఊపులో ఉండగా పుల్ల విరిగింది. మేమిద్దరం నవ్వాం. నవ్వుతూ వెనక్కి తిరిగితే బాపు.

ఆయన జల్లి గరిటెతో కొన్ని కొమ్ముల్ని తీసి, ఒకదాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాడు. అది ముద్దయి జారిపోయింది. ఇంకోటి పట్టుకున్నాడు. అదీ అంతే. తిట్టినా బాగుండేది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. బాపు స్పీకర్ ఆపి, నిదానంగా అడిగాడు.

"ఎవరు గెలిచిండ్రురా?"

"ఇంక తేలలే బాపు."

"గింత కట్టె కాల్చినంక గూడనా?"

ఎండాక ఆ పసుపు పాత ఇటుక రంగుకు తిరిగింది. "నా పేరు మీద ఇది యార్డుకు పోదు" అన్నాడు బాపు. మంచి పసుపులో కలిపేద్దామన్నాను. ఆయన చూసిన చూపుకు ఆ మాటను అక్కడే మింగేశాను. కాబట్టి అదంతా ఇంట్లోనే ఉండిపోయింది. ఏడాది పొడుగునా మా పప్పు, మా చారు, మా పులిహోర అన్నీ ఒకటే మట్టిరంగు. అమ్మ దానికి గిటారాయన పసుపని పేరు పెట్టింది. నవీద్ ఇంటికీ ఒక సంచి పంపింది. వాళ్లమ్మ మూడు నెలలు అదే వేస్తూ, పప్పుకు రంగెందుకు రావట్లేదని అడుగుతుంటే, వాడు తల దించుకుని తిన్నాడట.

ఆ పప్పు ముందు కూర్చుని నేనొక ఘోర ప్రతిజ్ఞ చేశాను. ఇక ఈ జన్మలో, పొయ్యి వెలుగుతున్న చోట, ఏ పాట ఎవరు రాశారన్న విషయంలో నాకు ఎటువంటి అభిప్రాయమూ ఉండదు.

ఈ ఏడు మళ్లీ కడాయి ఎక్కింది. బాపు కొత్త పుల్ల నా చేతికే ఇచ్చాడు. నా కళ్లు చెమర్చాయి. తర్వాత చెయ్యి చాపి నా ఫోన్ తీసుకుని, జేబులో వేసుకుని, నా పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఆయన జేబులోంచి ఫోన్ మోగింది. రింగుటోను ఆ బ్యాండు పాటే. బాపు తీయకుండా చివరిదాకా విన్నాడు.

"గీ పాట మంచిగున్నదిరా. ఎవరు రాసిండ్రు?"

జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది. ప్రతిజ్ఞ గుర్తొచ్చింది. కొమ్మును గుచ్చి చూస్తూ, "తెల్వది బాపు" అన్నాను.

"ఎట్ల తెల్వది?" అన్నాడు బాపు. "ఏడాదంత గిటారాయన పసుపే తింటిమి గదరా!"